ప్రాణమున్న రంగు: ఉష్ణమండల పక్షుల ఛాయాచిత్రణ చరిత్ర

కర్కట, మకర రేఖల నడుమ పరుచుకున్న ఉష్ణమండలంలో ప్రపంచ పక్షి జాతుల్లో అధిక భాగం నివసిస్తోంది. ఆ పక్షుల రంగులను నమోదు చేయడానికి మనుషులు మొదట తుపాకీని, దానికి తోడుగా కుంచెను, చిట్టచివర కెమెరాను ఉపయోగించారు. చిత్రకారుడి ముందు కూడా ఎక్కువగా ఉండేది కాల్చి తెచ్చిన పక్షి దేహమే కాబట్టి, ఈ మూడింటిలో పక్షిని బతికి ఉండగానే, అది ఉన్న చోటనే నమోదు చేయగలిగిన సాధనం కెమెరా అనవలసి ఉంటుంది. అయితే ఆ సామర్థ్యం కెమెరాకు పుట్టుకతో రాలేదు. నూరేళ్ళకు పైగా సాగిన ప్రయత్నాల మీద, ఎన్నో పక్షుల గూళ్ళు చెదిరిన మీదట అది సమకూరింది. ఈ విద్య చరిత్రను సాధారణంగా కటకాల చరిత్రగా, ఫిల్ముల చరిత్రగా చెబుతుంటారు. సాధనాల పాత్ర చిన్నది కాదు గాని, ఆ కథనంలో రెండు ముఖ్యమైన సంగతులు మరుగున పడిపోతాయి: ఒక్కొక్క కాలంలో ఒక చిత్రం కోసం పక్షి చెల్లించిన మూల్యం ఎంత అన్నది ఒకటి, ఆ పక్షి ఆనుపానులు తెలిసిన స్థానికుల జ్ఞానం ఆ చిత్రానికి ఎంతగా ఆధారమైంది అన్నది రెండవది.

ప్రాణమున్న పక్షికీ భద్రపరచిన చర్మానికీ మధ్య తేడా ఎందుకంత పెద్దదో గ్రహించాలంటే ఈకలకు రంగు ఎలా వస్తుందో ముందు తెలియాలి. ఈకల్లో రంగు రెండు మార్గాల్లో పుడుతుంది. మొదటిది వర్ణద్రవ్యం, అంటే కొన్ని రంగుల కాంతిని పీల్చుకుని మిగిలినదాన్ని వెనక్కి పంపే రసాయన పదార్థం; వంగపండు పిట్ట పసుపు, రాజహంసగా కొందరు పిలిచే ఫ్లెమింగో గులాబీ ఛాయ, తిండి ద్వారా ఒంట్లో చేరే కెరొటినాయిడ్లనే ద్రవ్యాల వల్ల వస్తాయి. రెండవది నిర్మాణవర్ణం, అంటే ఈకలో ఆ రంగు పదార్థమేదీ లేకుండానే, కంటికి ఆనని సూక్ష్మమైన పొరలూ గాలి గదులూ కాంతి తరంగాలను చెదరగొట్టి, కొన్నింటిని బలపరచి చూపించే రంగు. నీటి మీద తేలే నూనె పొరలో కనిపించే మెరుపులు ఈ కోవలోనివే. నెమలి పింఛంలోని కన్ను, హమ్మింగ్‌బర్డ్ కంఠంలోని మంట, పాలపిట్ట రెక్కల నీలం నిర్మాణవర్ణాలు. సి.వి. రామన్ పాలపిట్ట ఈకలనే సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, పక్షుల రంగుల పుట్టుకను గురించి 1934లో ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. నిర్మాణవర్ణం చర్మంతో పాటు సంగ్రహాలయపు సొరుగులో చాలాకాలం నిలుస్తుంది గాని, హమ్మింగ్‌బర్డ్ వంటి పక్షుల్లో అది పక్షి తల తిప్పినప్పుడు, కాంతి ఒక ప్రత్యేకమైన కోణంలో పడ్డప్పుడు మాత్రమే భగ్గుమంటుంది, మరుక్షణం నల్లబడుతుంది. ముక్కు, కాళ్ళు, కంటి చుట్టూ ఉండే బోడి చర్మం రంగులైతే ప్రాణం పోయిన కొద్ది రోజులకే వెలిసిపోతాయి. కాబట్టి ఈ పక్షుల రంగు అనేది చాలా మట్టుకు వాటి కదలికలో, వాటి ప్రాణంలో భాగం. దాన్ని దేహం నుంచి విడదీసి తెచ్చుకోవడం సాధ్యం కాదు.

ఈ సత్యాన్ని గ్రహించడానికి ఐరోపాకు చాలా కాలం పట్టింది. మెగల్లాన్ యాత్రలో మిగిలిన ఓడ 1522లో స్పెయిన్ చేరినప్పుడు, మొలక్కా దీవుల పాలకుడొకడు కానుకగా ఇచ్చిన స్వర్గపక్షుల చర్మాలు అందులో ఉన్నాయి. న్యూగినీ, దాని చుట్టుపక్కల దీవుల్లో నివసించే ఈ పక్షుల మగవాటికి పొడవాటి పట్టుకుచ్చుల వంటి ఈకలు ఉంటాయి. స్థానికులు చర్మాలను ఆరబెట్టేటప్పుడు కాళ్ళు తీసివేయడం వాడుక కావడంతో, ఇవి నేల మీద వాలకుండా ఆకాశంలోనే బతుకుతాయన్న నమ్మకం వ్యాపించింది. 1758లో లినేయస్ వీటిలో పెద్ద జాతికి పెట్టిన శాస్త్రీయ నామంలోనూ కాళ్ళు లేనిదన్న అర్థమే నిలిచిపోయింది. చచ్చిన పక్షిని మాత్రమే చూసిన పాండిత్యం ఎంతవరకు పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1857లో న్యూగినీకి నైరుతి దిశలో ఉన్న అరూ దీవులకు చేరి, ఆ పక్షులు నివసించే అడవుల్లో నెలల తరబడి గడిపి, మగపక్షులు ఒకే చెట్టు మీద గుంపుగా చేరి రెక్కలెత్తి, కుచ్చులు విరబోసి ఆడే తీరును 1869లో వెలువడిన తన 'మలయ్ ఆర్కిపెలాగో' గ్రంథంలో వర్ణించాడు. ఆ గ్రంథంలో ఛాయాచిత్రణ చరిత్రకారులు అంతగా పట్టించుకోని ఒక వివరం ఉంది. పక్షులు ఆడే చెట్టును ముందుగా గుర్తుపట్టిన అరూ వేటగాడు దాని కొమ్మల నడుమ ఆకులతో చిన్న పందిరి అల్లుకుని, తెల్లవారక ముందే విల్లంబులతో ఎక్కి అందులో కదలకుండా కూర్చుంటాడు. ఈకలు చిరగకుండా, నెత్తురు అంటకుండా ఉండేందుకు అతని బాణం కొసన మొనకు బదులు గుండ్రని మొద్దు ఉంటుంది. పడిన పక్షిని ఏరడానికి చెట్టు మొదట్లో ఒక కుర్రవాడు కాచుకుని ఉంటాడు. తర్వాతి శతాబ్దంలో పక్షి ఛాయాచిత్రకారులు తమ ప్రధాన సాధనంగా చేసుకున్న మాటు, అంటే పక్షికి కనబడకుండా దాని దగ్గర దాగి ఉండే చాటు, ఆకారంలోనూ సమయపాలనలోనూ ఈ ఆకుల పందిరికి ఏమంత దూరం కాదు. పక్షి ఏ కొమ్మ మీద వాలుతుంది, ఏ వేళ వాలుతుంది, దేనికి బెదురుతుంది అన్న జ్ఞానం వేటగాడి దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది. అదే జ్ఞానం ఆ కాలంలో టోపీల అలంకారం కోసం సాగిన ఈకల వ్యాపారానికీ ఉపయోగపడింది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1902లో అడవి పక్షుల చర్మాల, ఈకల ఎగుమతిని నిషేధించగా, బ్రిటన్ వాటి దిగుమతిని 1921లో గాని చట్టంతో అడ్డుకోలేదు.

వాలెస్ అరూ దీవుల్లో ఉన్న నాటికే ఛాయాచిత్రణ పుట్టి పద్దెనిమిదేళ్ళు కావస్తోంది, కానీ అది పక్షికి పనికిరాని స్థితిలో ఉంది. గాజు పలక మీద పూసే ఆనాటి రసాయనాలకు వేగం చాలదన్నది ఒక లోపమైతే, రంగుల పక్షులకు సంబంధించి అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉండేది. ఆ పలకలు నీలి, ఊదా కాంతికి మాత్రమే స్పందించేవి. పసుపు, ఎరుపు వాటికి చీకటితో సమానం. కాబట్టి అటువంటి పలక మీద పాలపిట్ట నీలం తెల్లగా, వంగపండు పిట్ట పసుపు నల్లగా వచ్చే అవకాశమే ఎక్కువ, అంటే బూడిద రంగుల్లో కూడా పక్షి తారుమారైపోయేది. 1873లో హెర్మన్ వోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే పలక ఆకుపచ్చకు, పసుపుకు కూడా స్పందిస్తుందని కనుగొన్నాడు. ఎరుపుతో సహా అన్ని రంగులనూ గ్రహించే 'పాంక్రొమాటిక్' పలకలు 1906 నుంచి అంగట్లో దొరికాయి. బతికి ఉన్న పక్షుల తొలి మంచి చిత్రాలు ఈ లోపు సమశీతోష్ణ దేశాల్లోనే వచ్చాయి: జర్మనీలో ఒట్టోమార్ అన్‌షూట్జ్ 1884లో కొంగలను చిత్రీకరించగా, ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కియర్టన్ సోదరులు పూర్తిగా ప్రకృతిలో తీసిన ఛాయాచిత్రాలతో 1895లో పక్షి గూళ్ళ మీద ఒక పుస్తకం వెలువరించారు.

ఆ పుస్తకం గూళ్ళ మీద కావడం యాదృచ్ఛికం కాదు. బరువైన కెమెరా, నెమ్మదైన పలక, దూరాన్ని దగ్గర చేయలేని కటకం ఉన్న మనిషికి పక్షి తప్పనిసరిగా తిరిగి వచ్చే చోటు ఒక్కటే, అది గూడు. భారతదేశంలో ఈ పద్ధతిని పెంపొందించిన వారిలో సైనికాధికారి ఆర్.ఎస్.పి. బేట్స్, రైల్వేలో పనిచేసిన ఇ.హెచ్.ఎన్. లోథర్ ముఖ్యులు. బేట్స్ 1931లో, లోథర్ 1949లో తమ చిత్రాలతో పుస్తకాలు ప్రచురించగా, కాశ్మీరులో గూడుకట్టే పక్షుల మీద ఇద్దరూ కలిసి రాసిన గ్రంథం 1952లో వచ్చింది. వారి కాలపు పద్ధతి ఇది: గూడు దొరికాక దానికి కొంత దూరంలో గుడ్డతోనో ఆకులతోనో మాటు నిలబెట్టి, పక్షి దానికి అలవాటు పడే కొద్దీ రోజుకు కొంత చొప్పున దగ్గరకు జరుపుతారు, చివరి రోజున ఛాయాచిత్రకారుడు ఒక తోడు మనిషితో కలిసి మాటు దాకా నడిచి లోపల ఉండిపోతే, తోడు మనిషి అందరికీ కనబడేలా వెనక్కి వెళ్ళిపోతాడు, వచ్చిన వారెంతమందో, పోయిన వారెంతమందో లెక్కకట్టలేని పక్షి ప్రమాదం తప్పిందనుకుని గూటికి చేరుతుంది. ఆ తర్వాత గంటల తరబడి ఉక్కలో, దోమల మధ్య, కదలకుండా కూర్చోవడమే పని. దానికి కావలసిన ఓర్పునూ పక్షి నడవడి మీద పట్టునూ తక్కువ చేయడం అన్యాయం. ఆ మనుషులు తమ పక్షులను నేటి చాలామంది కన్నా బాగా ఎరుగుదురు.

అయినా ఈ పద్ధతి వల్ల జరిగిన నష్టాన్ని దాచకుండా చెప్పడం చరిత్ర రచన బాధ్యత. ఉష్ణమండల అడవిలో గూళ్ళు చాలా వరకు ఆకుల చాటున ఉంటాయి, ఆ చాటే వాటి రక్షణ. చిత్రానికి వెలుతురు కావాలి కాబట్టి గూటికి అడ్డొచ్చిన కొమ్మలను వంచి కట్టడమో, కోసేయడమో మామూలైపోయింది. ఎండ నేరుగా తగిలితే ఈకలు రాని పిల్లలు కొద్దిసేపట్లోనే చనిపోతాయి. తెరుచుకున్న గూడు కాకులకు, పాములకు, కోతులకు కనబడుతుంది. మనిషి నడిచిన దారి వాసన పట్టి ముంగిసలు, అడవి పిల్లులు వస్తాయి. పొదిగే తొలి దశలో బెదిరిన పక్షి గుడ్లను వదిలేసి వెళ్ళిపోవడం కూడా సాధారణమే. చిత్రం తీసిన మర్నాడు ఆ గూటికి ఏమైందో చెప్పే పుటలు ఆ కాలపు పుస్తకాల్లో తక్కువ. తుపాకీతో పోలిస్తే కెమెరా ఎంతో దయగల సాధనమన్న నమ్మకం వారిలో నిజాయితీగానే ఉండేది. శాస్త్రవేత్తలు సైతం అప్పటికి చర్మాల మీదనే ఆధారపడుతున్న రోజులవి. 1931లో సలీం అలీ నిజాం రాజ్యంలో మొదలుపెట్టిన పక్షి సర్వేకు కూడా సేకరించిన చర్మాలు ముఖ్యమైన ఆధారం.

సలీం అలీ జీవితంతో ముడిపడిన మరొక వ్యక్తి ఆసియా ఉష్ణమండల పక్షుల ఛాయాచిత్రణను కొత్త మెట్టు ఎక్కించాడు. లోక్ వాన్ థో 1915లో కౌలాలంపూర్‌లో సంపన్న కుటుంబంలో పుట్టి, స్విట్జర్లాండులోనూ కేంబ్రిడ్జిలోనూ చదివి, సింగపూరు, మలయా దేశాల్లో సినిమా హాళ్ళూ చిత్ర నిర్మాణమూ నడిపిన కేథే సంస్థకు అధిపతి అయ్యాడు. 1942లో జపాను సేనలు సింగపూరును ముట్టడించినప్పుడు అతడు ఎక్కిన ఓడ మీద బాంబులు పడి, ఒళ్ళు కాలి, కొంతకాలం చూపు కోల్పోయి, చివరికి భారతదేశం చేరాడు. బొంబాయిలో సలీం అలీతో ఏర్పడిన స్నేహం అతనికి యుద్ధకాలపు ప్రవాసాన్ని పక్షి విద్యాభ్యాసంగా మార్చింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఇద్దరూ కలిసి యాత్రలు చేశారు, సలీం అలీ పరిశోధనలకు లోక్ ధనసహాయం కూడా చేశాడు. అతని 'ఎ కంపెనీ ఆఫ్ బర్డ్స్' 1957లో లండన్‌లో అచ్చయింది. తెల్లపొట్ట సముద్రపు గద్ద గూటిని చిత్రీకరించడానికి చెట్టుకు సరిసమానమైన ఎత్తులో గోపురం కట్టించగలిగిన స్తోమత అతనికుంది. అయితే ఆ చిత్రాలకు విలువ తెచ్చింది స్తోమత కాదు. వలస పాలకుల వెంట వచ్చిన విద్యను ఆసియాలో పుట్టిన ఒక మనిషి తన నేల పక్షుల కోసం చేపట్టి, దాన్ని కళగా అభ్యసించి, ప్రపంచం మెచ్చే స్థాయికి తీసుకుపోయాడు, దాని ప్రాధాన్యం అదీ. 1964లో తైవాన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో అతడు మరణించాడు. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు.

లోక్ కాలం నాటికి రంగుల ఫిల్ము వచ్చింది గాని, అది ఉష్ణమండల పక్షికి అందుబాటులోకి వచ్చిందని చెప్పడం కష్టం. లూమియే సోదరులు 1907లో అంగడికి తెచ్చిన ఆటోక్రోమ్ అనే రంగుల పలక బంగాళాదుంప పిండి రేణువులకు మూడు రంగులు అద్ది తయారుచేసినది. ఎండలో కూడా దానికి కొన్ని క్షణాలు కదలని వస్తువు కావాలి, పక్షి అలా ఉండదు. కోడక్ సంస్థ 1935లో సినిమా కోసం, మరుసటి ఏడు స్టిల్ కెమెరా కోసం విడుదల చేసిన కోడాక్రోమ్ ఫిల్ము రంగుల నాణ్యతలో అసాధారణమైనదే, కానీ దాని వేగం నేటి ఐ.ఎస్.ఓ. కొలమానంలో సుమారు 10. ఐ.ఎస్.ఓ. అంటే కాంతికి ఫిల్ము గాని, డిజిటల్ సెన్సర్ గాని ఎంత చురుగ్గా స్పందిస్తుందో తెలిపే సంఖ్య; నేడు అడవిలో మామూలుగా వాడే 6400 తో పోలిస్తే ఆ ఫిల్ముకు ఆరువందల రెట్లకు పైగా వెలుతురు అవసరమయ్యేది. దట్టమైన వర్షారణ్యంలో నేల మీదికి దిగే ఎండ పైకప్పు మీద పడేదానిలో ఒకటి రెండు శాతం మాత్రమే. దానికి తోడు తేమ వల్ల కటకాల మీద బూజు పట్టడం, వేడికి ఫిల్ము చెడిపోవడం, తీసిన ఫిల్మును ప్రత్యేక ప్రయోగశాలకు పంపి వారాల తరబడి ఎదురుచూడటం ఉండేవి. తళుకుల రంగుల దేశంలో దశాబ్దాల పాటు మంచి చిత్రాలు నలుపు తెలుపుల్లోనే రావడానికి కారణం ఛాయాచిత్రకారుల అభిరుచి కన్నా ఈ లెక్కలే.

చీకటిని దాటే దారి మెరుపు దీపం, అంటే ఫ్లాష్. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జెర్టన్ 1930ల్లో, వాయువు నింపిన గాజు గొట్టంలో విద్యుత్తును ఒక్కసారిగా విడుదల చేసి, రెప్పపాటులో ఎన్నో వేల వంతుకు పరిమితమయ్యే వెలుగును పుట్టించే పద్ధతిని అభివృద్ధి చేశాడు; దానితో తీసిన హమ్మింగ్‌బర్డ్ చిత్రాలు 1947లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రికలో వచ్చాయి. దీన్ని ఉష్ణమండలపు అడవుల దాకా మోసుకుపోయినవాడు క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్. రసాయన ఇంజినీరు, 1948 నుంచి 1962 వరకు డూపాంట్ కంపెనీ అధ్యక్షుడు అయిన ఇతడు, సెలవు దొరికినప్పుడల్లా బ్రెజిల్, ఈక్వడార్ మొదలైన దేశాలకు వెళ్ళి, పువ్వు ముందు గాలిలో నిలిచి తేనె తాగే హమ్మింగ్‌బర్డ్‌లను చిత్రీకరించాడు. రెక్కలను సెకనుకు డెబ్బై ఎనభై సార్లు ఆడించే జాతులు ఇందులో ఉన్నాయి కాబట్టి, కెమెరా తలుపు ఎంత వేగంగా మూసుకున్నా చాలదు. ఫ్లాష్ వెలిగి ఆరే వ్యవధే అసలు కొలత. బ్రెజిల్‌లో సాంటా తెరేజా పట్టణానికి చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు అగుస్తో రుష్కి ఆ పక్షుల మీద అప్పటికే ఏళ్ళ తరబడి పనిచేసి ఉండటం, ఆ సహకారం దొరకడం గ్రీన్‌వాల్ట్‌కు గొప్ప అండ. 1960లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ పక్షాన వెలువడిన 'హమ్మింగ్‌బర్డ్స్' గ్రంథం నేటికీ ఈ రంగంలో శిఖరాల్లో ఒకటి.

గ్రీన్‌వాల్ట్ ఫోటోలతో ఆగిపోలేదు; అందుకే చరిత్రలో అతని స్థానం ప్రత్యేకమైనది. కంఠపు ఈకలు ఒక్కొక్క కోణంలో ఎందుకు మండి, ఎందుకు ఆరిపోతాయో తేల్చడానికి అతడు తోటి శాస్త్రజ్ఞులతో కలిసి ఈకల లోపలి నిర్మాణాన్ని పరిశోధించాడు. మెలనిన్ అనే నల్లని ద్రవ్యంతో తయారైన పలుచని పలకలు, వాటిలో గాలి బుడగలు, దొంతరగా పేర్చి ఉండటం వల్ల కాంతి తరంగాలు ఒకదానినొకటి బలపరుచుకుని ఆ రంగు పుడుతుందని 1960లోనే ప్రకటించారు. ఫ్లాష్‌ను కటకానికి దగ్గరగా పెడితే మెరుపు ఎందుకు తిన్నగా కెమెరాకు చేరుతుందో, పక్కకు జరిపితే అదే కంఠం ఎందుకు బొగ్గులా కనబడుతుందో ఛాయాచిత్రకారులకు అనుభవంలో తెలిసినదానికి ఇది వివరణ. నేడు మధ్య, దక్షిణ అమెరికాల్లో హమ్మింగ్‌బర్డ్ చిత్రాలు తీసేవారు ఒక పువ్వు చుట్టూ అనేక ఫ్లాష్‌లను తక్కువ శక్తి మీద అమర్చే విధానం ఈ పరంపరలోనిదే. ఫ్లాష్ శక్తి తగ్గేకొద్దీ అది వెలిగే వ్యవధి కూడా తగ్గి రెక్కలు నిలిచిపోయినట్టు వస్తాయి. ఆ చిత్రాల్లో కొన్నింటి వెనుక కనబడే పచ్చదనం అడవి కాదు, అట్టకు వేసిన రంగు. చూసేవారికి ఆ సంగతి చెప్పి తీరాలి. చెప్పకపోతే అది ప్రకృతి చిత్రం అనిపించుకోదు.

స్వర్గపక్షుల విషయం ఇంతకన్నా ఆలస్యమైంది. అవి ఎత్తైన చెట్ల మీద ఆడతాయి, మనిషి అలికిడికి మాయమవుతాయి, వాటి నేల కొండలతో లోయలతో నిండినది. డేవిడ్ అటెన్‌బరో బి.బి.సి. కోసం న్యూగినీకి వెళ్ళి వాటి నాట్యాన్ని చిత్రీకరించి, 1957లో నలుపు తెలుపుల టెలివిజన్ మీద ప్రేక్షకులకు చూపగలిగాడు. అన్ని జాతులనూ వాటి సొంత అడవుల్లో చిత్రీకరించే పని మాత్రం 2004 ప్రాంతంలో మొదలై 2011లో ముగిసింది. కార్నెల్ పక్షి పరిశోధనాలయానికి చెందిన ఎడ్విన్ స్కోల్స్, ఛాయాచిత్రకారుడూ జీవశాస్త్రజ్ఞుడూ అయిన టిమ్ లామన్ పద్దెనిమిది యాత్రల్లో అప్పటికి గుర్తించిన 39 జాతులనూ చిత్రీకరించారు. వారి గ్రంథం 2012లో వచ్చింది. పక్షులు ఏ చెట్టు మీద, ఏ నేల మీద ఆడతాయో చూపించినవారు ప్రధానంగా ఆయా గ్రామాల మనుషులే. 2010లో అరూ దీవుల్లోని వోకాం దీవిలో లామన్ ఆటచెట్టు మీదికి తాళ్ళతో ఎక్కి, ఆకులు కప్పిన కెమెరాను కొమ్మల్లో అమర్చి, దూరంలోని మాటులో కూర్చుని కంప్యూటరు ద్వారా దాన్ని నడిపి, సూర్యోదయపు అడవి మీద కుచ్చులు విరబోసిన మగపక్షిని చిత్రీకరించాడు. వాలెస్ వర్ణించిన ఆకుల పందిరికి నూటయాభై ఏళ్ళ తర్వాత, అవే దీవుల్లో, పందిరిలో మనిషికి బదులు యంత్రం కూర్చుంది. పక్షి ఆట ముగించుకుని ఎగిరిపోయింది.

ఈ కృషి శాస్త్రానికి చేసిన మేలు ఊహించినదానికన్నా ఎక్కువ. పరోటియా అనే కుదురులోని మగపక్షి నేలను శుభ్రం చేసుకుని ఆడుతుంటే ఆడపక్షి పై కొమ్మ నుంచి చూస్తుంది. పై నుంచి కెమెరా పెట్టినప్పుడు గాని ఆ ఆట ఆడపక్షి కంటికి ఎలా కనబడుతుందో మనుషులకు తెలియలేదు. న్యూగినీ పశ్చిమ కొసన వోగెల్‌కాప్ ద్వీపకల్పంలో ఉండే ఒక స్వర్గపక్షి ఆటలో తన నల్లని మెడ ఈకలను విప్పి నెలవంక ఆకారం దాలుస్తుందనీ, దాని దగ్గరి బంధువు మాత్రం అండాకారం దాలుస్తుందనీ, అడుగులు కూడా వేరనీ స్కోల్స్, లామన్ తమ దృశ్యాల ఆధారంతో 2018లో ప్రకటించి, ఆ రెండూ వేర్వేరు జాతులని స్థిరపరిచారు. అదే ఏడాది మరొక పరిశోధక బృందం కొన్ని స్వర్గపక్షుల నల్లని ఈకలు తమ మీద పడిన కాంతిలో 99.95 శాతం దాకా పీల్చుకోగలవని కొలిచి చూపింది. పక్కనున్న నీలం అంతగా వెలిగిపోవడానికి ఆ నలుపే కారణం. ఒకప్పుడు సొరుగులోని రెండు చర్మాలను పక్కపక్కన పెట్టి జాతి భేదం తేల్చేవారు. నేడు బతికి ఉన్న పక్షి నడక దానికి సాక్ష్యం కాగలుగుతోంది.

సాధనాల కథ ఈ దశలో వేగం అందుకుంది. 1985లో మినోల్టా 7000 తో స్వయంగా దృష్టి కేంద్రీకరించే కెమెరాలు జనబాహుళ్యానికి చేరాయి. 1999లో వచ్చిన నికాన్ డి1 తర్వాత పత్రికల వారితో పాటు పక్షి ఛాయాచిత్రకారులూ ఫిల్మును విడిచిపెట్టారు. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5 వంటి కెమెరాలు ఆకుల మధ్య పక్షి కంటిని తామే గుర్తుపట్టి దాన్నే అంటిపెట్టుకుంటున్నాయి. వీటన్నింటి మొత్తం ఫలితం ఒక్కటే: పక్షి దగ్గరకు పోవలసిన అవసరం, గూటి దగ్గర కాపు కాయవలసిన అవసరం తీరిపోయాయి. లోథర్‌కు గూడు తప్పనిసరి అయిన పరిస్థితి నేటి మనిషికి లేదు కాబట్టి, లోథర్‌కు ఇవ్వవలసిన మినహాయింపు నేటి మనిషికి ఇవ్వనక్కరలేదు. ఛాయాచిత్ర పోటీలు చాలావరకు గూటి చిత్రాలను స్వీకరించడం మానేశాయి. అది న్యాయమైన నిర్ణయం.

గూటి స్థానాన్ని మరొక ఏర్పాటు ఆక్రమిస్తోంది. ఈక్వడార్‌లో మిండో పట్టణ పరిసరాల్లో ఆంజెల్ పాజ్ అనే రైతు తన పొలాన్ని ఆనుకున్న అడవిలో, నారింజ ఎరుపు రంగుల కాక్-ఆఫ్-ద-రాక్ పక్షులు ఆడే చోటును కాపాడి సందర్శకులకు చూపుతూ, అడవి నేల మీద దాక్కుని తిరిగే పెద్ద యాంట్‌పిట్టా ఒకదానికి 2005లో వానపాములు వేసి మచ్చిక చేశాడు. చెట్లు కొట్టి అమ్మడం కన్నా పక్షులను చూపించడం మేలని చుట్టుపక్కల రైతులకు అది పాఠమైంది. కేరళలో సలీం అలీ సిఫారసు మీద 1983లో ఏర్పడిన తట్టెక్కాడ్ పక్షి రక్షిత ప్రాంతం పరిసరాల్లో, మలబార్ ట్రోగన్ వంటి పక్షుల కోసం స్థానికులు నీటి తొట్లు పెట్టి, వాటి ఎదుట మాటులు కట్టి, కూర్చునే చోటుకు రుసుము తీసుకుంటున్నారు. పక్షి తన ఇష్టంతో వచ్చి పోయే చోట, అడవి తెలిసిన కుటుంబాలకు కూలి దొరికే ఈ పద్ధతి గతంలోని ఏ పద్ధతి కన్నా మెరుగైనది. దీనిలోనూ హద్దులు దాటేవారున్నారు: పక్షి కూతను రికార్డు చేసి దాని సొంత నెలవులోనే పదేపదే వినిపిస్తే, శత్రువు వచ్చాడనుకుని ఆ పక్షి తిండి, పిల్లల సంరక్షణ మాని వెతుకులాటలో అలిసిపోతుంది.

తెలుగునాట ఈ చరిత్రకు తనదైన పార్శ్వం ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గ్రామంలో ఇళ్ళ మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి, గ్రామస్థులు వాటి రాకను శుభంగా ఎంచి కాపాడతారు. అక్కడ కెమెరాతో వచ్చినవారికి పక్షులు దగ్గరగా దొరకడానికి కారణం వారి కటకం శక్తి కాదు, ఆ ఊరివారు తరతరాలుగా పక్షికి ఇచ్చిన అభయం. పాలపిట్ట విషయంలో మాత్రం ఆచారం పక్షికి చేటు తెచ్చింది. దసరా నాడు దాన్ని చూస్తే మేలు జరుగుతుందన్న నమ్మకం, పొలాల్లోకి వెళ్ళి ఎగిరే పక్షిని చూసే పద్ధతిగా ఉన్నంతకాలం అది మనిషినీ పక్షినీ కలిపిన అందమైన ఆచారం. నగరాల్లో పట్టి తెచ్చి, కాళ్ళు కట్టి, పంజరంలో పెట్టి డబ్బుకు చూపించడం మొదలయ్యాక అది వేటగా మారింది. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. దాని రెక్కల నీలం అసలు కనిపించేది అది ఎగిరినప్పుడే, వాలి ఉన్నప్పుడు అది చాలా వరకు గోధుమ రంగు పిట్ట. పంజరం ముందు నిలబడి తీసిన చిత్రంలో ఆ నీలం ఉండదు.

భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం అమల్లోకి వచ్చింది 1972లో. రక్షిత ప్రాంతాల్లో ఛాయాచిత్రణకు అనుమతి ఇచ్చే నిబంధన అందులో ఉంది. పాలపిట్టను పట్టడాన్ని, బంధించడాన్ని అది నేరంగా పరిగణిస్తుంది. అదే చట్టం 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడం కూడా చేరి ఉంది. చేతిలో తుపాకీ ఉందా, కెమెరా ఉందా అన్న తేడాను ఆ నిర్వచనం పాటించదు.